సొన లేని సొనసంచి

సభకు నమస్కారం.

కోడిపెట్టను పొదగేసిన ఇంట్లో పెరిగినవారు ఇక్కడ చాలామందే ఉంటారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. పెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అయినా పిల్లలన్నీ, పొదగేసిన నాటి నుంచి ఇరవై ఒకటో రోజున, కాస్త అటూ ఇటూగా ఒకేసారి పెంకు పొడుచుకుని బయటికి వస్తాయి. మొదటి గుడ్డులోని పిల్ల ముందెందుకు రాదని చిన్నప్పుడు మా అమ్మమ్మను అడిగితే, “పెట్ట కూర్చున్నాకేరా లెక్క” అంది. ఆ మాట శాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. ఫలదీకరణ పెట్ట కడుపులోనే జరిగిపోతుంది. గుడ్డు బయటపడేనాటికే పచ్చసొన మీద వేలకొద్దీ కణాలతో చిన్న తెల్లని బిళ్ల ఏర్పడి ఉంటుంది. చల్లబడగానే దాని పెరుగుదల నిలిచిపోయి, పొదుగు వేడి తగిలిన రోజున తిరిగి మొదలవుతుంది. పుంజు పొడ లేని ఫారం గుడ్డుకు ఈ కథంతా వర్తించదు, అది వేరే సంగతి.

మూడు రోజులు పొదిగిన గుడ్డును తీసుకుని, పెంకు పైభాగాన కత్తెర మొనతో రూపాయి బిళ్లంత కిటికీ తెరిచి చూస్తే, పచ్చసొన మీద ఎర్రని నూలుపోగులు పరచినట్టు రక్తనాళాల వల, దాని నడుమ ఆవగింజంత చుక్క ఎగిరెగిరి పడుతూ కనిపిస్తాయి. ఆ చుక్క గుండె. ఇరవైమూడు శతాబ్దాల కిందట అరిస్టాటిల్ పొదుగులోని గుడ్లను పగలగొట్టి చూసి ఈ చుక్కను గురించే రాశాడు. నా విద్యార్థులు మాత్రం ఏటా ఆ చుక్కనే చూసి వల సంగతి మరిచిపోయేవారు. సొనను చుట్టి ఉన్న సంచి గోడలో అల్లుకున్న ఆ నాళాలే సొనలోని ఆహారాన్ని పిండానికి మోసుకొస్తాయి. ఈనాటి నా ప్రసంగమంతా ఆ సంచిని గురించే.

క్షీరదాల అండాన్ని మొట్టమొదట 1827లో కార్ల్ ఎర్నెస్ట్ వాన్ బేయర్ ఒక కుక్క అండాశయంలో గుర్తించాడు. మనిషి అండం వ్యాసం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది; అందులో సొన లేదనే చెప్పాలి. ఫాలోపియన్ నాళంలో శుక్రకణంతో కలిసిన ఆ అండం విభజన చెందుతూ, అయిదో రోజుకు నడుమ ఖాళీ ఉన్న కణాల బంతిగా, అంటే బ్లాస్టోసిస్ట్‌గా మారి, ఆరేడు రోజులకు గర్భాశయపు లోపొరకు అతుక్కుంటుంది. ఇంతవరకు కోడితో పోలికేమీ కనిపించదు. రెండో వారంలో మాత్రం, సొన అన్నదే లేని ఈ పిండం, కింద పెద్ద సొన ముద్ద ఉందన్నట్టుగా రెండు పొరల బిళ్లగా పరుచుకుంటుంది. దాని పైన ఉల్బం, అంటే పిండాన్ని చుట్టే నీటిసంచి, కింద సొనసంచి ఏర్పడతాయి. సుమారు పదిహేనో రోజున బిళ్ల మీద ఒక గాడి పడుతుంది. దాన్ని ఆదిమరేఖ అంటారు. కణాలు ఆ గాడి వెంట లోపలికి జారి మూడు పొరలుగా సర్దుకుంటాయి. కోడి గుడ్డులోనూ, పొదిగిన మొదటి రోజు గడవకముందే, ఇదే గాడి ఇలాగే పడుతుంది.

కారణం వంశంలో ఉంది. క్షీరదాల పూర్వీకులు గుడ్లు పెట్టినవే. ఆస్ట్రేలియాలోని ప్లాటిపస్ ఈనాటికీ గుడ్డు పెట్టి, పిల్లకు పాలిస్తుంది. పాలు, మాయ వచ్చాక సొన అవసరం తగ్గింది. సొనకు కావలసిన ప్రోటీన్లను తయారుచేయించే జన్యువుల శిథిలాలు, పనిచేయని స్థితిలో, మన జన్యుపదార్థంలో ఉన్నాయని 2008లో వెలువడిన పరిశోధన చూపింది. సరుకు పోయింది, గోదాము కట్టే అలవాటు మిగిలింది.

దీన్నిబట్టి మనిషి తల్లి కడుపులో ముందు చేపగా, తర్వాత కోడిగా, చివరికి మనిషిగా మారతాడని అనుకోకూడదు. జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు హెకెల్ ప్రచారం చేసిన ఆ అభిప్రాయం తప్పు, దానికోసం ఆయన గీసిన బొమ్మల్లో పోలికలు ఎక్కువ చేసి చూపినవే. మన పిండం పోలేది కోడి పిండాన్నే గాని కోడిని కాదు. ఈ తేడాను హెకెల్ కంటే ముందే వాన్ బేయర్ స్పష్టంగా చెప్పాడు. చీటీ అంటించడం మరిచిన రెండు చిన్న పిండాలు స్పిరిటు సీసాలో ఉన్నాయనీ, అవి బల్లివో పక్షివో క్షీరదానివో తానే తేల్చుకోలేకపోతున్నాననీ ఒప్పుకున్న మనిషి ఆయన.

మరి ఖాళీ సంచి దండగేనా? కాదు. స్కానింగులో, చివరి నెలసరి నుంచి లెక్కిస్తే సుమారు అయిదున్నర వారాలకు, పిండం ఇంకా స్పష్టంగా తెలియకముందే, నల్లని మడుగులో చిన్న తెల్లని ఉంగరంలా కనిపించేది ఇదే. గర్భం గర్భాశయంలోనే నిలిచిందని వైద్యులు ధైర్యంగా చెప్పగలిగేది దీన్ని చూశాకే. పిండానికి తొలి రక్తకణాలు దీని గోడలోనే పుడతాయి. ముందు ముందు అండాలుగానో శుక్రకణాలుగానో మారవలసిన కణాలు కూడా, ఫలదీకరణ నుంచి లెక్కిస్తే నాలుగో వారంలో, ఈ గోడలోనే కనిపించి, పేగు వెంట పాకుతూ, ఆరో వారానికి అండాశయమో వృషణమో కాబోయే చోటికి చేరుకుంటాయి. గర్భంలోని ఆడశిశువుకు అయిదో నెల నాటికి అలాంటి అండకణాలు అరవై డెబ్బై లక్షలు ఉంటాయి. ఆ తర్వాత తగ్గడమే గాని పెరగడం లేదు. ఆ లెక్కన మనలో ప్రతి ఒక్కరికీ మూలమైన అండకణం, మన అమ్మ ఇంకా అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారైంది.

సంచిలో కొంత భాగం పిండం లోపలికి ముడుచుకుని పేగు అవుతుంది. మిగిలినది బొడ్డుతాడులో చిక్కి ఎండిపోతుంది. పేగుకూ సంచికీ నడుమ ఉన్న సన్నని గొట్టం కూడా మూసుకుపోవాలి గాని, నూటికి ఇద్దరిలో దాని మొదలు మిగిలిపోతుంది. అపెండిక్స్ ఆపరేషన్‌కని పొట్ట తెరిచిన సర్జను, ఒక్కోసారి, చిన్నపేగు చివరి నుంచి రెండడుగుల దూరంలో, వేలంత తిత్తి ఒకటి వేలాడుతుండగా చూస్తాడు. మెకెల్ తిత్తి అని దానికి పేరు. ఒకప్పుడు సొనకు తెరుచుకున్న దారి అది.