పర్వీన్: ఒక పేరు, ఒక చుక్కల గుంపు

గ్రంథాలయ వారోత్సవాల సభకు నన్ను పిలిచిన పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. నాకిచ్చిన అంశం 'పేర్లు, సంస్కృతి'. నేను ఒక్క పేరు గురించే మాట్లాడతాను. అది నా పేరు.

పర్వీన్ అరబ్బీ మాట కాదు, పారసీ మాట. అరబ్బీ లిపిలో 'ప' లేదు కనుక పారసీకులు 'బ' అక్షరం కింద ఒక చుక్కకు బదులు మూడు చుక్కలు పెట్టి ఆ అక్షరాన్ని తయారుచేసుకున్నారు. ఆ మూడు చుక్కలతో మొదలయ్యే ఈ మాటకు అర్థం కూడా చుక్కలే, అంటే మనం కృత్తికలనే నక్షత్రాల గుంపు. అరబ్బులు దానినే సురయ్యా అన్నారు. మా చెల్లెలి పేరు సురయ్యా. ఇద్దరి పేర్లూ ఒకే గుంపువని డిగ్రీ చదివే రోజుల్లో నిఘంటువు తిరగేస్తుంటే తెలిసింది.

కార్తీకమాసపు రాత్రులలో మా నానీ డాబా మీద తన చెవి జుంకా తీసి, అడుగున వేలాడే ముత్యాలను చూపి, తూర్పున ఉన్న ఆ గుంపును 'సాత్ సహేలియోం కా ఝుమ్కా', ఏడుగురు నెచ్చెలుల జుంకా అనేది. పక్కింటి మామ్మగారు దానినే పిల్లలకోడి అనేవారు. కుమారస్వామికి పాలిచ్చిన ఆరుగురు తల్లుల కథ కూడా నాకు ఆవిడే చెప్పారు.

పారసీ కవిత్వం గురించి చాలా చెప్పాలని వచ్చాను గానీ, ఇంతమంది ఉపాధ్యాయులను చూశాక ఈ మాట చెప్పకుండా ఉండలేను. నా పదో తరగతి ధ్రువపత్రంలో పేరు 'ప్రవీణ్' అని పడింది. అది నిపుణుడనే అర్థమున్న సంస్కృత పదం, మంచి పేరే, కానీ మగపిల్లవాడి పేరు, నాది కాదు. దాన్ని దిద్దించడానికి మా అబ్బా తొమ్మిది నెలలు తిరిగారు. 'పలకడానికి ఇదే తేలికలెండి' అని ఒక గుమాస్తా ఆయనతో అన్న మాట నేను పక్కనే నిలబడి విన్నాను.

1907లో తబ్రీజ్‌లో పుట్టిన ఇరాన్ కవయిత్రి పర్వీన్ ఎతెసామీకి తల్లిదండ్రులు పెట్టిన పేరు రఖ్షందే. పర్వీన్ ఆమె కోరి పెట్టుకున్న పేరు. 1941లో, ఇంకా నడివయసైనా రాకుండానే ఆమె కన్నుమూసింది. తన సమాధి కోసం తానే రాసుకున్న పద్యంలో, నల్లమట్టిని తలగడ చేసుకున్న ఈమె సాహిత్య గగనంలోని నక్షత్రం పర్వీన్ అని, ఆ పేరులోని రెండర్థాలూ పలికేలా చెప్పుకుంది. ఆమె ఏరి పెట్టుకున్న పేరును నా కాగితం మీద ఎవరో అడగకుండానే మార్చేశారు.

అయ్యా, అమ్మా, వచ్చే జూన్‌లో మీ బడికి ఒక పర్వీన్ వస్తుంది. రిజిస్టరులో రాసే ముందు ఆ పేరును వాళ్ల అమ్మ నోట ఒక్కసారి పలికించుకోండి.