పెట్టెలో వచ్చిన గేర్‌బాక్స్: 64 పళ్ళ లెక్క

అక్క: నెల్లూరు నుంచి ఇద్దరమూ మళ్ళీ వచ్చాము. ఈ రోజు రోబో చక్రాల ఎంపిక గురించి మాట్లాడతామని ముందే చెప్పాము. తమ్ముడూ, పోయిన నట్టు దొరికిందా?

తమ్ముడు: ఆ నట్టు ప్రస్తావన వద్దక్కా. బడి పిల్లల జట్లు రోబోలు తయారుచేసి తలపడే ఫస్ట్ రోబోటిక్స్ పోటీ ఉంది కదా, దాని కిట్‌లోని చట్రానికి ఆరంగుళాల చక్రాలు సరిపోతాయి కనుక, కొత్త జట్లు వాటితోనే మొదలుపెట్టవచ్చు. అయితే మోటారు వేగాన్ని తగ్గించి చక్రానికి బలమిచ్చే గేర్‌బాక్స్‌ను కూడా సిద్ధంగా అందించడం నాకు నచ్చదు. తయారు చేసుకుంటేనే కదా పిల్లలకు పని వచ్చేది?

అక్క: ముందు ఈ టఫ్‌బాక్స్ మినీ అనే గేర్‌బాక్స్‌ను విప్పి చూడు. లోపల గ్రీజు ఉందో లేదో కూడా చూడు.

తమ్ముడు: మళ్ళీ గ్రీజేనా!

అక్క: మోటారు ఇరుసు మీద 14 పళ్ళ గేరు, దానితో కలిసేది 50 పళ్ళది. రెండో దశలో 16, 48. ఒక్కొక్క జతను కూడి చెప్పు.

తమ్ముడు: రెండూ 64.

అక్క: పళ్ళ పరిమాణం ఒకటే అయినప్పుడు, జతలోని మొత్తం మారకపోతే ఇరుసుల మధ్య దూరమూ మారదు. అందువల్ల 16-48 జతను తీసి 14-50 పెడితే, 10.71 రెట్లున్న తగ్గింపు, అంటే చక్రం ఒక చుట్టుకు మోటారు తిరిగే చుట్లు, 12.75 అవుతుంది, 24-40 పెడితే 5.95కి దిగుతుంది. పలకలో కొత్తగా ఒక్క రంధ్రమూ వేయనక్కర్లేదు.

తమ్ముడు: విడవలూరు వైపు రొయ్యల చెరువుల ఏరేటర్లకూ గేర్‌బాక్స్ ఉంటుంది. దాని నిష్పత్తిని ఎవరూ మార్చరు.

అక్క: ఏరేటర్‌కు ఏడాది పొడుగునా నీటిని చిలకడం ఒక్కటే పని. ఈ పోటీలో ఆట ఏటా మారుతుంది. నిమిషానికి 5,330 చుట్లు తిరిగే, ఈ పోటీ రోబోల్లో వాడే సిమ్ (CIM) రకం మోటారుతో, ఆరంగుళాల చక్రంతో, 10.71 వద్ద బరువు లేనప్పుడు సెకనుకు సుమారు 4 మీటర్లు వెళ్ళే రోబో, 12.75 వద్ద 3.3 మీటర్లే వెళుతుంది. కాని నెట్టే బలం 19 శాతం పెరుగుతుంది. ఒక ఏడాది పరుగు కావాలి, మరో ఏడాది నెట్టే బలం కావాలి. పెట్టె మాత్రం అదే.

తమ్ముడు: (కొంతసేపటికి) నేను లేత్ షాపులో చేయించిన పెట్టెలో ఇరుసుల దూరం అర మిల్లీమీటరు తప్పింది. అది అరిచిన అరుపు మీరు విన్నారు.

అక్క: వీధంతా విన్నది. గ్రీజు పెట్టినా ఆగలేదు.

తమ్ముడు: నిజమే. అయినా ఆ తప్పుతోనే నేను కొలత పట్టడం నేర్చుకున్నాను కనుక, తయారు చేసుకుంటేనే పని వస్తుందన్న మాట వెనక్కి తీసుకోను.

అక్క: తీసుకోవద్దు. ఇతరులు సరిగ్గా పట్టిన కొలతను విప్పి చూడటమూ చదువే అంటున్నాను. ఇదిగో, 8.46 తగ్గింపునిచ్చే జత. 19, 45 ఉండాలి. నువ్వే లెక్కపెట్టు.

తమ్ముడు: 42, 43, 44... అక్కా, 44 దగ్గరే ఆగిపోయింది.

అక్క: గ్రీజు తుడిచి లెక్కపెట్టు.