ఫ్యాను తిరిగే గదిలో దీపాల అమరిక

శ్రోతలకు నమస్కారం.

కడపలో ఏప్రిల్, మే నెలలు గడిపినవారికి ఫ్యాను లేని గది అన్న మాటే వింతగా ఉంటుంది. ఎండ 40 డిగ్రీలు దాటే ఆ రోజుల్లో మన ఇళ్ళలో ఫ్యాను పగలూ రాత్రీ ఆగదు. కొత్త ఇల్లు కట్టుకునేటప్పుడు గది నడిమధ్యన, మంచానికి సరిగ్గా పైన, అన్నిటికంటే ముందుగా చోటు దక్కించుకునేదీ అదే. దీపాల సంగతి గోడలకు రంగులు వేసే రోజుల్లో గాని మనకు గుర్తుకు రాదు. అప్పటికి వైర్ల పైపులు స్లాబులోనూ గోడల్లోనూ పూడిపోయి ఉంటాయి కాబట్టి, మిగిలిన చోటులోనే దీపాలను సర్దుకుంటాము. ఫ్యాను తిరిగే గదిలో దీపాన్ని ఎక్కడ పెట్టాలో ఆ ఫ్యానును అడిగి తెలుసుకోవాలన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

పూర్వపు మట్టిమిద్దెల్లో ఈ పేచీ లేదు. దంతెల మీద వేసిన మిద్దెలో ఒక రంధ్రం విడిచి, మా వైపు గవాచి అని పిలిచే ఆ రంధ్రంలోంచి పగటి వెలుతురును లోపలికి దించేవారు. వాన వస్తే ఎవరో ఒకరు మిద్దెక్కి దాన్ని మూసి వచ్చేవారు. పైనుంచి దిగే వెలుతురుకు దారిలో అడ్డమేమీ ఉండేది కాదు. స్లాబు ఇళ్ళు వచ్చి, ఆ స్లాబుకు ఫ్యాను వేలాడిన తరువాతనే, దీపానికీ మనిషికీ నడుమ మూడు రెక్కలు తిరగడం మొదలైంది.

నేను చేసిన పొరపాటునే ముందు చెబుతాను. కొన్నేళ్ళ కిందట మా పడకగదికి ఫాల్స్ సీలింగు వేయించినప్పుడు, ఫ్యాను చుట్టూ నాలుగు వైపులా నాలుగు గుండ్రటి ఎల్‌ఈడీ ప్యానెళ్ళు పెట్టించాను. కాగితం మీద గీసిన బొమ్మలో అవి వాకిట్లో ముగ్గులా ముచ్చటగా కుదిరాయి. మొదటి రాత్రి మా అమ్మ తలగడకు ఆనుకుని కూర్చుని పేపరు తెరిచింది. రెండు నిమిషాలకే కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఏమిరా నాయనా, పేపర్లో అచ్చరాలు ఎగరతాండాయే" అన్నది. ఫ్యాను ఆపితే అక్షరాలు నిలిచాయి, వేస్తే మళ్ళీ ఎగిరాయి. గాలి కావాలా, వెలుతురు కావాలా అని మే నెలలో ఎవరినైనా అడగడం న్యాయం కాదు కదా.

మరునాడు టేపు పట్టుకుని కొలిస్తే సంగతి బోధపడింది. మన ఇళ్ళలో ఎక్కువగా వాడే ఫ్యాను 1200 మిల్లీమీటర్లది, అంటే 48 అంగుళాలది. నడుమ నుంచి రెక్క కొసకు రెండడుగులు. మా గదిలో దీపాలు నేలకు పదడుగుల ఎత్తున, రెక్కలు తొమ్మిదడుగుల ఎత్తున ఉన్నాయి. దీపాలకూ రెక్క కొసలకూ నడుమ ఎడం అర అడుగు మాత్రమే. ఒక దీపం నుంచి బయలుదేరి రెక్క కొసను ఒరుసుకుంటూ దిగే కిరణాన్ని ఊహించుకోండి. ఒక్కో అడుగు కిందికి దిగేసరికి అది అర అడుగు పక్కకు జరుగుతుంది. మంచం ఎత్తు రెండడుగులైతే, రెక్క దగ్గర నుంచి ఇంకా ఏడడుగులు దిగే లోపల మూడున్నర అడుగులు పక్కకు పోయి, ఫ్యాను నడుమను దాటి, అవతల అడుగున్నర దూరంలో మంచాన్ని తాకుతుంది. ఆ గీతకు అవతల ఉన్న చోటంతా ఆ దీపానికి రెక్కల నీడలో ఉన్నట్టే. తలగడ ఉండేది సరిగ్గా అక్కడే!

అదే దీపాన్ని రెక్క కొసకు రెండడుగుల ఎడంగా జరిపితే లెక్క మారిపోతుంది. ఇప్పుడు ఆ కిరణం ఒక్కో అడుగు దిగడానికి రెండేసి అడుగులు పక్కకు పోతుంది. పన్నెండు అడుగుల పొడవున్న గదిలో ఆ దీపం ఈ గోడకు రెండడుగుల దూరంలో ఉంటుంది కాబట్టి, ఎదుటి గోడ దానికి పదడుగులు. అంత దూరం పోయేసరికి కిరణం అయిదడుగులే దిగి, నేలకు అయిదడుగుల ఎత్తున గోడకు తగులుతుంది. రెపరెపలన్నీ ఆ గోడ పైభాగానికి పరిమితమవుతాయి, మంచం మీద ఒక్క నీడా పడదు. రెక్కలు దీపం కంటే ఎంత కిందుగా ఉన్నాయో, దీపం రెక్క కొసకు అంతకు రెట్టింపు ఎడంగా ఉండాలని నేను గుర్తుపెట్టుకున్న కొలత ఇదే. వెలుగును నలువైపులా చిమ్మే ప్యానెళ్ళకు ఈ కొలత తప్పదు. అరవై డిగ్రీల కోణంలోనే వెలుగును కిందికి దించే స్పాట్‌లైటుకైతే ఒక్క అడుగు ఎడం చాలు.

నీడ పడితే పడనీ, అదేమంత ఇబ్బంది అనుకునేవారికి ఇంకొక లెక్క చెప్పాలి. ఫ్యాను నిమిషానికి 320 చుట్లు తిరుగుతుంటే, మూడు రెక్కలు కలిసి ఒకే చోట సెకనుకు 16 సార్లు నీడను విసురుతాయి. రెగ్యులేటరు తగ్గించి వేగాన్ని సగం చేస్తే ఎనిమిది సార్లు. పాత సినిమా ప్రొజెక్టర్లు సెకనుకు 24 బొమ్మలు చూపుతూనే, ఒక్కో బొమ్మను రెండు మూడు సార్లు తెర మీద మెరిపించేవి. అలా చేయకపోతే రెపరెపను కన్ను పట్టేస్తుంది. 24 సార్లనే ఓర్వని కన్ను 16 సార్లను ఓరుస్తుందా? అందుకే వాన పడి చల్లబడిన రాత్రి ఫ్యానును నెమ్మదిగా పెట్టుకుంటే, రెపరెప తగ్గకపోగా మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పార్శ్వపు తలనొప్పి ఉన్నవారిలో చాలామందికి ఇది అసలే పడదు.

పాత చోకు ట్యూబులైటు మిణుకు వేరే సంగతి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కాబట్టి ఆ లైటు సెకనుకు వంద సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కంటికి అది మామూలుగా తెలియదు గాని, దాని కింద తిరిగే చక్రం ఒక్కోసారి ఆగినట్టో, వెనక్కి తిరుగుతున్నట్టో భ్రమ కలిగిస్తుంది. లేతు యంత్రాలున్న కార్ఖానాల్లో పక్కపక్క ట్యూబులైట్లను వేర్వేరు ఫేజులకు కలిపింది ఈ ప్రమాదం తప్పించడానికే.

ఇక దీపాన్ని ఎక్కడ పెట్టాలి? నన్నడిగితే, ఫాల్స్ సీలింగు సోకుల కంటే గోడకు బిగించే పొడవాటి ఎల్‌ఈడీ బ్యాటెన్ నయం. దాన్ని నేలకు ఏడున్నర అడుగుల ఎత్తున, రెక్కల మట్టానికి దిగువన, మంచం తలవైపు గోడకు బిగిస్తే, కిందికి వచ్చే వెలుతురును రెక్క తాకనే తాకదు. పడుకున్నవారి కళ్ళలో దీపం పడదు, చదివేవారికి వెలుతురు వెనుక నుంచి పుస్తకం మీదికి వస్తుంది. ఎగువకు పోయే కొద్దిపాటి వెలుగు మాత్రం రెక్కల నీడను స్లాబు మీద వేస్తుంది, అది పలచగా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఫాల్స్ సీలింగే కావాలనుకుంటే, దాని అంచు లోపల ఎల్‌ఈడీ పట్టీని దాచి, వెలుగును పైకప్పుకు కొట్టించి కిందికి మళ్ళించడం మంచి పద్ధతి. వెలుగు వచ్చే చోటు ఎంత విశాలంగా ఉంటే నీడ అంత పలచబడుతుంది. కప్పంతా వెలిగినప్పుడు రెక్క నీడకు ఒక రూపమే ఉండదు. అయితే చదువుకోవడానికి ఈ వెలుతురు ఒక్కటే చాలదు. ఫ్యాను అడుగున దీపం అమర్చి అమ్మేవి కూడా ఉన్నాయి. రెక్కలకు కిందుగా ఉండటం వల్ల వాటితో రెపరెప రాదు గాని, వెల్లకిలా పడుకున్నవారికి కళ్ళలో సూటిగా కొడుతుంది. పాలగాజు మూత ఉన్నదైతేనే తీసుకోవాలి. ఆ దీపానికి వేరే స్విచ్చి ఉండాలి, ఫ్యాను రెగ్యులేటరు గుండా దానికి కరెంటు పంపకూడదు.

ఎంత వెలుతురు కావాలన్నది కరెంటు వాడకాన్ని తెలిపే వాట్లతో కాక, దీపం ఇచ్చే వెలుగును కొలిచే ల్యూమెన్లతో లెక్కించాలి. పదికి పన్నెండు అడుగుల గది సుమారు 11 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 150 ల్యూమెన్లు అందాలంటే 1650 కావాలి. గోడలూ కప్పూ సామానూ మింగేది పోగా అంత మిగలాలంటే దాదాపు 3000 ల్యూమెన్లు వేసుకోవాలి. ఒక 20 వాట్ల బ్యాటెన్, ఒక 9 వాట్ల బల్బు కలిపితే ఇంచుమించు సరిపోతుంది. చదువుకునే బల్ల మీద చదరపు మీటరుకు 300 దాకా కావాలి, దానికి బల్లదీపం వేరే పెట్టుకోవడమే తెలివి.

మన జిల్లాల్లో ఈ లెక్కకు ఒక సవరణ ఉంది. తెల్లని కప్పు తన మీద పడిన వెలుతురులో నూటికి 80 పాళ్ళు తిప్పి పంపితే, నల్లని కడప బండ చాలా కొద్దిగా మాత్రమే పంపుతుంది. అలమర అరలకూ అటకకూ నేలకూ ఆ బండలే వేసిన గదిలో ఇంకొక బల్బు అదనంగా వేసుకోవాలి. పాలిషు పట్టిన నల్లబండ నేలైతే అందులో బల్బు అద్దంలో లాగా మెరుస్తుంది కాబట్టి, మూత లేని బల్బును అక్కడ వాడవద్దు. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు, ఆ అంకె పెరిగేకొద్దీ పసుపు తగ్గి తెలుపు పెరుగుతుంది. పడకగదికి 3000 కెల్విన్ల పసుపు వెలుగు, చదువుకునేచోట 4000 నాకు నచ్చుతాయి. 6500 తెలుపు చల్లగా ఉంటుందని మనవాళ్ళు నమ్ముతారు గాని, గదిలో వేడి దానివల్ల తగ్గదు.

కట్టుబడి జాగ్రత్తలు రెండు మాటల్లో చెబుతాను. ఫ్యాను బరువు స్లాబులో పూడ్చిన హుక్కు మీదే ఉండాలి గాని ఫాల్స్ సీలింగు మీద కాదు. సీలింగు కిందికి దిగితే రాడ్డు అంత పొడవుది వేయాలి, రెక్కలు మాత్రం నేలకు ఎనిమిదడుగుల లోపు ఎత్తుకు దిగకూడదు. స్లాబు పోయకముందే నేల మీద నాలుగడుగుల వ్యాసంతో ఫ్యాను వలయాన్ని సుద్దముక్కతో గీసి, దానికి అవతల దీపాల చోట్లు గుర్తుపెట్టి, కరెంటు మేస్త్రికి చూపిస్తే, పైపులు అక్కడికే వేస్తాడు. తరువాత గోడకు గాడి కొట్టే పని తప్పుతుంది.

ఇల్లు ఇప్పటికే కట్టుకున్నవారు ఫాల్స్ సీలింగుకు రంధ్రాలు కొట్టించే ముందు ఒక రాత్రి ఆగండి. పొడవాటి వైరుకు హోల్డరూ బల్బూ తగిలించి, అనుకున్న చోట మేస్త్రిచేత నిచ్చెన మీద నుంచి పట్టించి, ఫ్యానును మొదట పూర్తి వేగంలోనూ తరువాత రెండో నంబరులోనూ తిప్పండి. మంచం తలవైపు ఒకరు కూర్చుని పేపరు చదవాలి. అక్షరాలు ఎగరకపోతే రంధ్రం అక్కడే కొట్టమనండి. మా ఇంట్లో ఆ నాలుగు రంధ్రాలూ పూడ్పించి, మళ్ళీ రంగు వేయించాల్సి వచ్చింది.

నమస్కారం.