ఎప్‌కాట్ తోటలో ఒక టొమాటో తీగ

శ్రోతలందరికీ నమస్కారం.

ఎండాకాలం వస్తోందంటే మన కర్నూలులో చాలా ఇళ్లలో పెద్దవాళ్లు అమెరికా ప్రయాణానికి పెట్టెలు సర్దుకుంటూ ఉంటారు. గోంగూర పచ్చడి ఎంత కట్టాలి, కారప్పొడి తీసుకుపోనిస్తారా లేదా అని అదొక టెన్షన్. నిరుడు మేమూ అలాగే వెళ్లాం. మా అమ్మాయి వాళ్లుండేది ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండో దగ్గర. వచ్చిన దగ్గర నుంచి కలిసిన ప్రతివాళ్లూ అడిగే మాట ఒకటే, డిస్నీ వరల్డ్ చూశారా అని. చూశాం. కానీ చూసినవన్నీ ఈ కాస్త సమయంలో చెప్పలేను. ఒక పూలపండుగ గురించి రెండు మాటలు, ఒక టొమాటో తీగ గురించి నాలుగు మాటలు చెబుతాను.

డిస్నీ వరల్డ్‌లో పెద్ద వినోద పార్కులు నాలుగున్నాయి. వాటిలో ఎప్‌కాట్ ఒకటి, 1982 అక్టోబరులో తెరిచారు. లోపలికి అడుగు పెట్టగానే 180 అడుగుల ఎత్తున తెల్లగా మెరిసే గోళం. ఇంకా లోపలికి పోతే ఒక చెరువు, దాని చుట్టూ 11 దేశాల పేర్లతో కట్టిన వీధులు. ఇక్కడ ఏటా వసంతకాలంలో, మార్చి మొదట్లో మొదలై నెలల తరబడి పూలు, తోటల పండుగ జరుగుతుంది. 1994 నుంచి జరుపుతున్నారు. పండుగకు వేరే టికెట్ అక్కర్లేదు. పార్కు టికెట్ మీదే చూడొచ్చు.

పండుగలో అందరూ ఫొటోలు దిగేది మొక్కలతో చేసిన బొమ్మల దగ్గర. మిక్కీ మౌస్, సింహాలు, రాకుమార్తెలు, అన్నీ మొక్కలే. దూరం నుంచి చూస్తే రంగు వేసిన బొమ్మలేమో అనిపిస్తుంది. నేను ఒకదాని దగ్గరికి పోయి వంగి చూశాను. ముందు ఇనుప చట్రం కట్టి, లోపల తడినాచు కూరి, ఆ నాచులో వేలెడు వేలెడు మొక్కలు గుచ్చి నాటారు. ఎర్ర చొక్కా కావాలంటే ఎర్రపూల మొక్క, పచ్చ లంగా కావాలంటే పాకే తీగ. మన దగ్గర వినాయక చవితికి ముందు విగ్రహాలు చేసేవాళ్లు కర్రలతో చట్రం కట్టి, గడ్డి చుట్టి, ఆపైన మట్టి మెత్తుతారు చూడండి, పని అదే వరస. తేడా అల్లా ఈ బొమ్మ బతికి ఉంటుంది, పెరుగుతుంది. అందుకని దానికి నీళ్లు పెట్టాలి, పెరిగిన ఆకు కత్తిరించాలి. మొక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఈ బొమ్మలను దగ్గరగా చూడాలని నా కోరిక.

చెరువు చుట్టూ నడక దాదాపు రెండు కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొహమాటపడకండి, గేటు దగ్గరే చక్రాల కుర్చీలు అద్దెకిస్తారు. నీళ్ల సీసా, ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి లోపలికి తీసుకుపోవచ్చు. మేము చిత్రాన్నం కట్టుకొని పోయాం. జపాన్ వీధిలో మరుగుజ్జు చెట్లు వరసగా పెట్టిన చోటికి దగ్గర్లో కూర్చొని తిన్నాం. ఆ చిత్రాన్నం రుచి ఇప్పటికీ నోట్లో ఉంది.

ఇక టొమాటో తీగ దగ్గరికి వస్తాను.

మధ్యాహ్నం ఎండకు ఓపిక తగ్గింది. మా అమ్మాయి, "అమ్మా, చల్లగా కూర్చొనే చోటుంది, పడవలో పోదాం" అని ఒక భవనంలోకి తీసుకుపోయింది. వ్యవసాయం మీద కట్టిన భవనం అది. లోపల కాలువలో చిన్న పడవలు నడుస్తాయి. సుమారు పావుగంట ప్రయాణం. మొదట చీకట్లో అడవి, ఎడారి, ఒక పల్లె ఇల్లు కనిపిస్తాయి. ఆ తర్వాత పడవ ఒక్కసారిగా వెలుతురులోకి వస్తుంది. అద్దాల పైకప్పు కింద పెద్ద తోట. నిజమైన పంట. మట్టి లేకుండా ఇసుకలో, కొబ్బరిపీచు పొట్టులో పెరిగే మొక్కలు. కొన్నింటికైతే వేళ్లు గాలిలోనే వేలాడుతున్నాయి, వాటి మీద ఎరువు కలిపిన నీళ్లు చిమ్ముతున్నారు. అక్కడ కోసిన కూరగాయలను ఆ పార్కు హోటళ్లలోనే వండి పెడతారట.

మా మనవరాలికి ఎనిమిదేళ్లు. "అవ్వా, పైకి చూడు" అంది.

చూశాను. ఒక తొట్టెలో నుంచి ఒకే ఒక్క కాండం లేచింది. మనిషి ఎత్తు దాటి పందిరి ఎక్కింది. ఎక్కి, నాలుగు దిక్కులకూ పరుచుకుంది. మన ఇళ్ల ముందు బీరతీగ పందిరికి పాకినట్టు. కాకపోతే బీర కాదు, టొమాటో. పందిరి కింది నుంచి గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి, కొన్ని ఎర్రగా, కొన్ని ఇంకా పచ్చిగా.

మా అమ్మాయి ఫోనులో చూసి చెప్పింది. ఇదే తోటలో 2005, 2006 మధ్య ఒక్క టొమాటో మొక్క నుంచి 32,194 కాయలు కోశారు. మళ్లీ చెబుతున్నాను. ఒక్క మొక్క, 32,194 కాయలు. గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. మొత్తం బరువు 522 కిలోలు. అంటే 25 కిలోల బాక్సుల లెక్కన ఒక్క మొక్కకు 20 బాక్సులు దాటింది. లెక్క కడితే ఒక్కో కాయ 16 గ్రాములు, గోలీకాయ కన్నా పెద్దది. చిన్న కాయే. కానీ ఎన్ని!

మా ఆయన మాట్లాడలేదు. ఆయనది పత్తికొండ దగ్గర పల్లె. మా మామగారు ఏళ్ల తరబడి టొమాటో పెట్టారు. ఒక ఏడాది కాపు విరగకాసింది, మార్కెట్లో ధర పడిపోయింది. కోత కూలి, బండి బాడుగ కూడా రాలేదు. బాక్సులు వెనక్కి తిప్పుకొని వచ్చి చేను గట్టున పారబోశారు. మా పెళ్లయిన కొత్త. ఆ ఎర్రటి కుప్ప నేను కళ్లారా చూశాను. ఆవులు కూడా తిన్నంత తిని మొహం తిప్పుకున్నాయి. మా మామగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

పడవ దిగాక మా ఆయన అన్నది ఒకే మాట. "ఇంతమంది వరసలో నిలబడి వచ్చి చూస్తా ఉండేది టొమాటో చెట్టునా?"

అవును, టొమాటో చెట్టునే. మా వెనక పడవలో పిల్లలు చేతులెత్తి కాయలు చూపించుకుంటున్నారు. టొమాటో పండించే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మేము. మా పిల్లలను ఎప్పుడైనా చేలోకి తీసుకుపోయి ఇలా పైకి చూడు, కిందికి చూడు అని చూపించామా? నాకు గుర్తు లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే ఈ మాట చెప్పడానికి వచ్చాను. మిద్దె మీద ఒక్క టొమాటో మొక్కను పైకి ఎక్కించండి. ఒక్కటంటే ఒక్కటి.

టొమాటోలో రెండు రకాలున్నాయి. ఒకటి పొదలాగా కొంత ఎత్తు పెరిగి ఆగిపోతుంది. రెండోది తీగ జాతి, బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటుంది. నర్సరీలో తీగ జాతి విత్తనం అని అడిగి తీసుకోండి, చెర్రీ టొమాటో అయితే ఇంకా మంచిది. ఇప్పుడే నాటొద్దు. మన కర్నూలు ఎండలకు, 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, పిందె నిలవదు. అక్కడ అద్దాల ఇంట్లో వేడిని తగ్గించుకుంటారు, మనకు ఆ వీలు లేదు. మనకు కాలమే అద్దాల ఇల్లు. శ్రావణ మాసంలో విత్తనం చల్లండి. నెల తిరిగేసరికి నారు నాటడానికి వస్తుంది. కార్తీకం చల్లదనానికి పూత నిలుస్తుంది.

20 లీటర్ల పెయింట్ డబ్బా చాలు, అడుగున నాలుగు చిల్లులు పెట్టండి. మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపండి. పైన దండెం కట్టి, దాని నుంచి ఒక పురికొస కిందికి వదలండి. మొక్క పెరిగేకొద్దీ కాండాన్ని ఆ తాడుకు చుట్టుకుంటూ పోవాలి. ఇక అసలు పని. ఆకు కాండాన్ని కలిసే పంగలో చిన్న పిలక పుడుతుంది. అది చిటికెన వేలంత ఉన్నప్పుడే గిల్లేయాలి. వారానికోసారి, తప్పకుండా. వదిలేస్తే మొక్క గుబురుగా పెరిగి నేలకు వాలుతుంది, గాలి ఆడక తెగులు పడుతుంది. పూత వచ్చాక పొద్దున్నే గుత్తిని వేలితో మెల్లగా తట్టండి. పుప్పొడి రాలి పిందె కడుతుంది. ఈ తట్టే పని ఇంట్లో పిల్లలకు ఇవ్వండి.

మా మిద్దె మీది మొక్కకు పోయిన మాఘమాసం దాకా 214 కాయలు కోశాం. కోసిన ప్రతిసారీ మా ఆయన గోడ మీద పెన్సిలుతో గీత గీసేవారు. ఆదివారం ఫోను చేయగానే మా మనవరాలు అడిగేది ఆ గీతల సంగతే.

సెలవు. నమస్కారం.