మోతాదు ఒకటే, మరి పందిపిల్లల్లో ఈ తేడా ఎక్కడిది?

అందరికీ నమస్కారం. ఒకే గదిలో, ఒకే వయసు పందిపిల్లలకు ఒకే మోతాదులో పీఆర్‌ఆర్‌ఎస్ (పందుల్లో పునరుత్పత్తిని, శ్వాసను దెబ్బతీసే జబ్బు) వైరస్ ఎక్కించినా, ఆరు వారాలకు ఒకటి ఏపుగా ఎదుగుతుంది, పక్కది ఎముకలు తేలి నిలబడుతుంది. ఇందులో జన్యువుల వాటా తేల్చడానికి అమెరికాలో 2007లో ఉమ్మడి పరిశోధన మొదలైంది. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో విడతకు దాదాపు 200 పిల్లలు. పాలు మాన్పించాక ముక్కులోనూ కండలోనూ వైరస్ ఇచ్చి, 42 రోజుల పాటు రక్తం తీశారు, వారం వారం తూకం వేశారు.

ఒక్కరోజు రక్తం చూసి తీర్పు చెప్తే బోల్తా పడతాం. వైరస్ మొదటి రెండు వారాల్లో శిఖరానికి చేరి దిగుతుంది, కొన్నింటిలో మూడు వారాల తర్వాత మళ్లీ లేస్తుంది. అందుకే 0 నుంచి 21 రోజుల వరకు రక్తంలోని వైరస్ లాగ్ (పదింతల మెట్ల) విలువలతో గీత గీసి, దాని కింది వైశాల్యాన్ని, అంటే ఆ మూడు వారాల మొత్తం వైరస్ భారాన్ని లెక్కించారు. దీని వంశపారంపర్యత సుమారు 0.3. అంటే పందుల మధ్య తేడాలో దాదాపు 30 శాతం వారసత్వానిది, మిగతాదంతా మేత, గది, ఇతర అంటురోగాలు వగైరా.

వెతగ్గా వెతగ్గా 4వ క్రోమోజోమ్ మీద ఒక చోటు దొరికింది. వైరస్ పరిమాణంలో కనబడే జన్యు వైవిధ్యంలో సుమారు 16 శాతం, బరువు పెరుగుదలలో 11 శాతం ఇక్కడిదే. అసలు అనుమానితుడు జీబీపీ5 జన్యువు. ఒక్క అక్షరం మారడంతో ఆర్‌ఎన్‌ఏ అతుకు తప్పుతుంది, ప్రోటీన్ తోక తెగిపోతుంది. మేలు చేసే రూపం ఒక్క ప్రతి ఉన్నా చాలు. కాబట్టి రెండు ప్రతులూ ఉన్న మగపందిని దాటిస్తే పిల్లలన్నింటికీ ఒకటి అందుతుంది. పరీక్షకు చెవి ముక్క సరిపోతుంది. అయితే ఇవి వైరస్ సోకని పందులు కావు, తక్కువ వైరస్‌తో బయటపడేవి మాత్రమే. టీకా మానేయడానికి ఇది సాకు కాదు.

సీడీ163 సంగతి వేరు. ఊపిరితిత్తుల మాక్రోఫేజ్‌లలోకి (క్రిములను మింగే రక్షక కణాల్లోకి) వైరస్ దూరడానికి ఈ ప్రోటీన్ కావాలి. జన్యు సవరణతో దీన్ని తీసేసిన పందులకు వైరస్ సోకలేదని 2016లో మిస్సోరీ శాస్త్రవేత్తలు చూపించారు. నిజానికి దీన్ని రోగనిరోధక స్పందన అనకూడదు, గుమ్మం లేకుండా గోడ కట్టడమిది. ప్రోటీన్ మొత్తం పోతే హిమోగ్లోబిన్‌ను ఏరివేసే పని కుంటుపడుతుంది. అందుకే స్కాట్లండ్‌లోని రోస్లిన్ సంస్థవారు ఆ జన్యువులో 7వ ఎక్సాన్‌ను (ప్రోటీన్‌లో ఒక భాగానికి సూత్రమిచ్చే ముక్కను) మాత్రమే కత్తిరించారు. పీఆర్‌ఆర్‌ఎస్ సోకని సవరించిన పందులకు 2025 ఏప్రిల్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం దొరికింది.

ఈ వార్త చదివి చాలామంది అడుగుతున్నారు: 2020 నుంచి మన దేశంలో మందలను తుడిచిపెడుతున్న ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కూ ఇది పనికొస్తుందా? రాదు. సీడీ163 లేని పందులకు ఆ వైరస్ ఎక్కించి చూశారు, మామూలు పందుల్లాగే జబ్బుపడ్డాయి.