చేతిలో గడ్డ, అది నరానిదైతే

శ్రోతలకు నమస్కారం. మణికట్టు దగ్గరో, అరచేతిలోనో బఠాణీ గింజంత గడ్డ లేస్తుంది. ఏళ్ళు గడిచినా పెద్దగా నొప్పి ఉండదు. నీటిబుడగో, కొవ్వుగడ్డో అనుకుంటాం. చాలాసార్లు అదే నిజం. కొన్ని మాత్రం నరానికి పుట్టిన గడ్డలు. వాడుకలో రక్తనాళాన్నీ నరమనే అంటాం గానీ, ఇక్కడ చెప్పేది స్పర్శను మోసే నరం సంగతి.

వీటిలో చేతికి ఎక్కువగా వచ్చేది ష్వానోమా. నరం పోగులకు తొడుగు వేసే కణాల్లో పుడుతుంది. క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారడమూ బహు అరుదు.

గడ్డను వేలితో కదిపి చూడండి. నరాన్నే పట్టుకుని ఉంటుంది కాబట్టి పక్కలకు జరుగుతుంది, నరం పొడవునా జరగదు. మెల్లగా తడితే వేళ్ళలోకి జివ్వుమంటుంది: మీడియన్ నరమైతే బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్ళలోకి, అల్నార్ నరమైతే చిటికెనవేలిలోకి. జివ్వుమనకపోయినంత మాత్రాన ష్వానోమా కాదనుకోకూడదు. అల్ట్రాసౌండ్‌లోనో ఎమ్మారైలోనో నరం గడ్డలోకి ఒక కొసన వెళ్ళి రెండో కొసన బయటికొస్తున్నట్టు కనిపిస్తే అనుమానం బలపడుతుంది.

అసలు ప్రమాదం ఈ పరీక్షలేవీ లేకుండా నీటిబుడగేలే అని కత్తి పెట్టడంలో ఉంది. గడ్డతోపాటు నరమూ తెగిపోతుంది. అప్పుడు పిక్క నుంచి నరం ముక్క తెచ్చి అతకాల్సి రావచ్చు. అతికినా మునుపటి స్పర్శ పూర్తిగా రాదు.

సరైన పద్ధతిలో చెయ్యి పైకెత్తి రక్తం దించి, జబ్బకు టోర్నికే, అంటే రక్తం చేతిలోకి రాకుండా బిగించే పట్టీ, కడతారు. పెద్దవాళ్ళకు సుమారు 250 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి. భూతద్దాల కళ్ళజోడుతోనో మైక్రోస్కోపుతోనో చూస్తూ, గడ్డకు పైనా కిందా మంచి నరాన్ని ముందు గుర్తిస్తారు. పోగులు పక్కలకు విచ్చుకుని ఉంటాయి. అవి లేని చోట పైపొరను నిలువుగా చీలుస్తారు, అడ్డంగా ఎప్పుడూ కాదు. పనస తొనను చీలిస్తే గింజ జారి వచ్చినట్టు గడ్డ ఊడి వస్తుంది, తొన మిగిలిపోతుంది. చివరికి ఒకటి రెండు సన్నటి పోగులు గడ్డలోకే వెళ్తుంటాయి. నరానికి సన్నగా కరెంటు ఇచ్చే స్టిమ్యులేటర్ తాకించినా కండరం కదలకపోతే వాటిని తెంచుతారు. టోర్నికే కట్టి అరగంట దాటితే నరం సరిగా పలకదు, కాబట్టి ఈ పరీక్ష ముందే చేసుకోవాలి.

నరానికి పుట్టే మరో రకం గడ్డ న్యూరోఫైబ్రోమా ఇంత సులువుగా లొంగదు. పోగులు గడ్డ లోపల్నుంచే పోతాయి, ఒలవడానికి పొర దొరకదు. అందుకే ఇబ్బంది పెట్టనిదైతే తొందరపడకుండా గమనిస్తూ ఉంటారు.

తీసిన గడ్డ ఏదైనా పాథాలజీకి వెళ్ళాల్సిందే. ఆపరేషన్ తరవాత వారాలో నెలలో తిమ్మిరి ఉండొచ్చు. అది తగ్గేదాకా ఆ చేత్తో పొయ్యి మీది గిన్నె దించకండి, కాలినా తెలియదు.