పిల్లల అంగిలి ఇరుకు, ముక్కు శ్వాస: దంత వైద్యురాలితో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. మొదటి కాల్ చీమకుర్తి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం మేడమ్. మా బాబుకు 9 ఏళ్లు. రాత్రంతా నోరు తెరుచుకునే పడుకుంటాడు, గురక కూడా పెడతాడు. అంగిలి ఇరుకుగా ఉంది, స్క్రూ ఉన్న క్లిప్పు పెట్టి వెడల్పు చేయాలన్నారు. మా ఊళ్లో గ్రానైట్ దుమ్ము సంగతి మీకు తెలుసు కదా. వాడి ముక్కు ఎప్పుడూ బిగేసుకునే ఉంటుంది. క్లిప్పు పెడితే గాలి ఆడుతుందా?

డాక్టర్: పళ్లు కరిచినప్పుడు పైపళ్లు కింది పళ్లకు లోపలగా పడుతున్నాయా?

కాలర్: కుడి పక్క పడుతున్నాయి మేడమ్.

డాక్టర్: అలా అయితే క్లిప్పు మాట సబబే. అంగిలి నోటికి పైకప్పు, ముక్కుకు అదే నేల. దాని మధ్యలో ఒక అతుకు ఉంటుంది. ఈ వయసులో అది ఇంకా గట్టిపడదు. తాళంచెవి లాంటి దాంతో స్క్రూ ఒకసారి తిప్పితే సుమారు పావు మిల్లీమీటరు జరుగుతుంది. అతుకు విడే కొద్దీ ముక్కు నేల కూడా కొంచెం వెడల్పవుతుంది, చాలామంది పిల్లలకు గాలి తేలిగ్గా ఆడుతుంది. కానీ ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. ముక్కు వెనక ఉండే మెత్తటి కండ, అంటే అడినాయిడ్స్, పెరిగాయేమో, అలర్జీ ఉందేమో చూడాలి.

కాలర్: మా అత్తగారు ముక్కు లావైపోతుందని భయపెడుతున్నారు మేడమ్...

డాక్టర్: మనిషి పోలిక మారేంత తేడా రాదమ్మా. ముందుపళ్ల మధ్య సందు మాత్రం వస్తుంది. అది చూసి కంగారు పడొద్దు, అతుకు విడుతోందని దాని అర్థం. తర్వాత చాలా వరకు అదే దగ్గరవుతుంది.

కాలర్: అయితే క్లిప్పు పెడితే గురక పోతుంది కదా మేడమ్?

డాక్టర్: అమ్మా, ఇప్పుడే చెప్పాను కదా! దుమ్ముతో వచ్చే అలర్జీని క్లిప్పు తగ్గించదు. ముందు ఈఎన్‌టీ. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నాడా?

కాలర్: ఒక్కోసారి... అవును మేడమ్.

డాక్టర్: అలాగైతే ఈ వారమే తీసుకెళ్లండి. టెన్షన్ పడకండి, కానీ ఆలస్యం చేయొద్దు.

యాంకర్: కావలి నుంచి మరొకరు.

కాలర్: మేడమ్, నాకు 22. నాకూ ఆ క్లిప్పు పెడతారా?

డాక్టర్: ఈ వయసుకు అతుకు గట్టిపడుతుంది నాయనా. మామూలు క్లిప్పు పెడితే ఎముక విడకుండా పళ్లు పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది. అంగిలి ఎముకలోకి చిన్న స్క్రూలు బిగించే పద్ధతి ఉంది, కొందరికి ఆపరేషన్ కావాలి. ముక్కు దూలం వంకర ఉందేమో ముందు ఈఎన్‌టీకి...

యాంకర్: థాంక్యూ అండి. అద్దంకి నుంచి లైన్లో ఉన్నారు, త్వరగా అడగండి సార్.

కాలర్: మా పాపకు తిప్పడం అయిపోయి నెల దాటింది. క్లిప్పు తీయించేయమని ఒకటే గొడవ.

డాక్టర్: వద్దు సార్! విడిన చోట కొత్త ఎముక గట్టిపడాలి. 3 నుంచి 6 నెలలు అలాగే ఉంచాలి. ముందే తీస్తే మళ్లీ ఇరుకవుతుంది. తిన్నాక బాగా పుక్కిలించమనండి, క్లిప్పు కింద అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి.

యాంకర్: సమయం అయిపోయింది, డాక్టర్ గారూ...

డాక్టర్: ఒక్క నిమిషం. చీమకుర్తి అమ్మా, వింటున్నారా? బాబు నిద్రపోయేటప్పుడు ఫోన్లో వీడియో తీసి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

యాంకర్: ధన్యవాదాలు మేడమ్.